అరుగు మీది కాలక్షేపం



రాజాంలో మాస్టారి ఇంటి అరుగు మీద, ఎడమచేతి స్తంభం పక్కన, ఎర్రగచ్చు రంగు పోయి లోపలి బూడిదరంగు సిమెంటు బయటపడిన చోటు ఒకటి ఉండేది. మనిషి మఠం వేసుకు కూర్చుంటే ఎంత మేర పడుతుందో అంత మేర. అది మాస్టారి చోటు కాదు. ఆయన గుమ్మానికి ఆనుకుని, మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని కూర్చునేవారు. ఆ అరిగిన చోటు వినేవాళ్ళది. జూట్ మిల్లులో షిఫ్టు దిగి ఇంటికి పోతూ ఆగినవాళ్ళు, సంతలో సరుకు అమ్ముకుని ఖాళీ కావిడితో తిరిగొచ్చేవాళ్ళు, పుస్తకాలు చంకన పెట్టుకున్న మేము, ఒకరు లేస్తే ఒకరు అక్కడే చేరేవాళ్ళం. అక్కడైతే వీపుకి స్తంభం ఆనుతుంది, వీధి దీపం వెలుగు పడుతుంది, మాస్టారి గొంతు బాగా అందుతుంది. ఏళ్ళ తరబడి పంచెలూ లుంగీలూ నిక్కర్లూ రాసుకుని రాసుకుని ఆ గచ్చు అలా అయింది.

ఆయన పేరు నేను ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఈ హాల్లో ఉన్న అందరికీ ఆయన మాస్టారే.

ఆయన స్మృతిలో ఈ సాయంత్రం ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. అది ఇంగ్లీషు మాట. డయాట్రైబ్. ఇంగ్లీషు పేపరు చదివేవాళ్ళకు పరిచయమే. ఒక నాయకుడు ఇంకో నాయకుణ్ణి పట్టుకుని ఊపిరి తిప్పుకోకుండా తిట్టిపోస్తే మర్నాడు ఆ పేపరు దాన్ని డయాట్రైబ్ అంటుంది. మనమైతే తిట్ల దండకం అంటాం. ఈ మాట పుట్టిల్లు వెతుక్కుంటూ వెళ్ళిన రోజున నాకు ఎదురైంది మాస్టారి అరుగే. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

గ్రీకులో త్రిబేయిన్ అంటే రాయడం, రుద్దడం, అరగదీయడం. దియా అంటే ఆ కొస నుంచి ఈ కొస దాకా. రెండూ కలిస్తే దియాత్రిబే. అరగదీసేది దేన్ని? కాలాన్ని. పొద్దు గడపడం అన్నది దాని తొలి అర్థం. తరవాత, ఎవరితో పొద్దు గడుపుతామో ఆ సావాసం. ఆ సావాసంలో సాగే మాట. ఆ మాట కోసం మనుషులు కూడే చోటు. చివరికి ఒక గురువు దగ్గర చేరినవాళ్ళ ఆలోచనా మార్గం, అంటే ఒక దర్శనం. ఇన్ని అర్థాలూ గ్రీకు తత్వవేత్తల నోట ఆ ఒక్క మాటలోనే ఇమిడాయి. ఆ కుదురుకే చెందిన లాటిన్ మాటతో రోమన్లు కళ్ళంలో గింజ రాల్చే పలకను ట్రిబ్యులమ్ అన్నారు. ఇంగ్లీషులో కష్టాలకు వాడే ట్రిబ్యులేషన్ దాని కూతురే. మన పొలాల్లో నూర్పులూ, మన వంటింట్లో నూరడమూ పక్కపక్కనే ఉన్నట్టు అక్కడా ఉన్నాయి. మనకు అరిగిపోవడమూ అరుగే, వీధిలో కూర్చునే తిన్నె కూడా అరుగే. ఈ రెంటికీ వ్యుత్పత్తిలో చుట్టరికం ఉందని నేను అనడం లేదు. ఒకే చప్పుడు రెండు చోట్ల వినిపించింది, అంతే.

దియాత్రిబేకి తెలుగు మాట చెప్పమంటే నేను క్షణం కూడా తడుముకోను. కాలక్షేపం.

క్షేపం అంటే విసరడం, గడిపెయ్యడం. కాలాన్ని గడిపెయ్యడం. ఇది అచ్చంగా గ్రీకువాళ్ళు చేసిన పనే. వాళ్ళలాగే మన పెద్దలూ ఆ మాటను అక్కడ ఆగనివ్వలేదు. పురాణ కాలక్షేపం అన్నారు. గీతా కాలక్షేపం అన్నారు. వైష్ణవ పండితులు గురువు దగ్గర కూర్చుని గ్రంథం వినడాన్నే కాలక్షేపం అంటారు. అన్నిటికీ మించి హరికథా కాలక్షేపం ఉంది. ఆ మాట ఎత్తాక రాజాంలో ఉండి ఒక ఊరి పేరు చెప్పకపోతే తప్పు. మనకు ఎంతో దూరం లేని బలిజిపేట పక్క అజ్జాడలో 1864లో ఆదిభట్ల నారాయణదాసు పుట్టారు. 1883లో ధ్రువచరిత్రతో గజ్జె కట్టి, తెలుగు హరికథకు పితామహుడనిపించుకున్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షులయ్యారు. 1945లో పోయారు. గ్రీకువాళ్ళ ఈసపు కథలను అచ్చతెలుగులో నూరుగంటిగా చెప్పిందీ ఆయనే. పాడి, ఆడి, చెప్పి, మధ్యలో పిట్టకథ తెచ్చి, వేదాంతం లోంచి వీధిలోకీ వీధి లోంచి వేదాంతంలోకీ నడిచే ఆ కళను ఒక ప్రాచీన గ్రీకు మనిషి చూసి ఉంటే, భాష తెలియకపోయినా, ఇది దియాత్రిబే అని పోల్చుకునేవాడు.

ఎందుకంటే వాళ్ళ దియాత్రిబే కూడా అటువంటిదే. క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయసభ ముందు నిలబడ్డ సోక్రటీసు, నా దియాత్రిబేలనూ నా మాటలనూ సొంత ఊరివాళ్ళయిన మీరే భరించలేకపోయారే, ఇక పరాయి ఊరివాళ్ళు భరిస్తారా అన్న అర్థంలో మాట్లాడినట్టు ప్లేటో రాశాడు. సోక్రటీసు బడి పెట్టలేదు, జీతం పుచ్చుకోలేదు. బజార్లో, వ్యాయామశాలల్లో, ఎవరు దొరికితే వాళ్ళతో పొద్దు గడిపాడు. ఆయన మీద ఉన్న అసలు కోపం ఆ పొద్దు గడపడం మీదే. ఆయన తరవాతి తరాల్లో జెనో అనే ఆయన ఏథెన్సులో రంగుల బొమ్మలు వేసిన ఒక పెద్ద పంచలో పాఠం చెప్పాడు. పంచను వాళ్ళు స్టోవా అంటారు. స్టోయిక్ అనే ఇంగ్లీషు మాటకు పుట్టుక అదే. మన భాషలో చెప్పాలంటే స్టోయిక్కులు అరుగువాళ్ళు. మన పల్లెల్లో ఇంగ్లీషు బడులు రాకముందు వీధి అరుగు మీదే బడి ఉండేది. తెల్లదొరలు తమ రికార్డుల్లో వాటికి అరుగుబడి అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు.

దియాత్రిబే చెప్పినవాళ్ళలో ఇద్దరి గురించి కాస్త ఆగి చెప్పాలి. మొదటివాడు బియాన్. నల్ల సముద్రం ఒడ్డున బోరిస్తెనీస్ అనే రేవుపట్నంలో పుట్టాడు. తండ్రి బానిసగా ఉండి విడుదల పొందినవాడు, ఉప్పుచేపల వ్యాపారి. మన సంతలో ఎండుచేపల వరస దగ్గర నిలబడితే ఆ ఇల్లు ఎలాంటిదో మనకు వాసనతో సహా తెలుస్తుంది. తండ్రి పన్ను ఎగ్గొట్టి పట్టుబడితే కుటుంబం మొత్తాన్ని అమ్మేశారు. కుర్రవాణ్ణి ఒక వక్తృత్వ పండితుడు కొన్నాడు. చనిపోతూ ఆస్తి అతనికి వదిలాడు. బియాన్ ఏథెన్సు వెళ్ళి తత్వం చదివి, ఊరూరా తిరిగి, పేదవాడికి అర్థమయ్యే సామెతలతో, వెటకారంతో, కథలతో దియాత్రిబేలు చెప్పాడు. మాసిడోనియా రాజు ఆంతిగొనస్ కొలువులో కొందరు అతని పుట్టుక ఎత్తి చూపితే, మా నాన్న ఇలాంటివాడు, మా అమ్మ ఇలాంటిది, మమ్మల్ని ఇలా అమ్మారు అని ఏదీ దాచకుండా రాజుకే చెప్పాడట. ఈ రాజు పేరు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ అవసరం పడుతుంది.

రెండోవాడు ఎపిక్టెటస్. ఆయనా బానిసే. కుంటివాడు. క్రీ.శ. 50 ప్రాంతంలో పుట్టి, రోములో బానిసగా బతికి, విడుదలయ్యాక, తత్వవేత్తలను చక్రవర్తి వెళ్ళగొట్టినప్పుడు గ్రీసులో నికోపోలిస్ చేరి అక్కడ చెప్పాడు. ఒక్క అక్షరం రాయలేదు. అర్రియన్ అనే శిష్యుడు పక్కన కూర్చుని రాసుకున్నాడు. ఆ పుస్తకం పేరు దియాత్రిబాయ్, అంటే కాలక్షేపాలు. దాన్ని తెరిచిన ఎవరికైనా ఒక సంగతి వెంటనే తగులుతుంది. ఆయన ఒక్కడే మాట్లాడడు. మధ్యమధ్య ఎవరో అడ్డం వస్తుంటారు. అది కుదరదయ్యా అంటారు, నా బాధ నీకేం తెలుసు అంటారు, మరి ఆకలి మాటేమిటి అంటారు. ఆ అడ్డుమాట కొన్నిసార్లు నిజంగా ఎదుట ఉన్నవాడిది, కొన్నిసార్లు ఎపిక్టెటస్ కల్పించినది. ఎవరిదైనా, దానికి జవాబు చెప్పకుండా ఆయన ముందుకు పోడు. ఎదుటివాడి గొంతు తన మాటలోనే వినిపించడం దియాత్రిబే అనే ప్రక్రియకు ప్రాణం.

అలాంటి మాట తిట్టు ఎలా అయింది?

యూరప్‌లో జరిగింది త్వరగా చెప్పేస్తాను. 1524లో ఎరాస్మస్ మనిషికి ఇచ్ఛాస్వాతంత్ర్యం ఉందా లేదా అని లాటిన్‌లో మర్యాదగా ఒక చర్చ రాసి, దాని పేరులోనే డయాట్రైబ్ అని పెట్టాడు. మంచి అర్థంలోనే. మరుసటి ఏడాది లూథర్ జవాబు రాస్తూ, ఆ డయాట్రైబ్‌ను ఒక మనిషిలా ఎదుట నిలబెట్టి పుస్తకం పొడుగునా ఎండగట్టాడు. 1752లో వోల్టేర్ బెర్లిన్ అకాడెమీ అధ్యక్షుడు మోపెర్త్యుయి మీద నిప్పులు చెరుగుతూ రాసిన చిన్న పుస్తకానికి డాక్టర్ అకాకియా డయాట్రైబ్ అని పేరు పెట్టాడు. ఫ్రెడరిక్ రాజు దాన్ని నడివీధిలో తగలబెట్టించాడు. 19వ శతాబ్దం వచ్చేసరికి ఫ్రెంచి లోంచి ఇంగ్లీషులోకి ఆ కోపపు అర్థమే స్థిరపడింది. చర్చ అన్న పాత అర్థం నిఘంటువులో మూల చేరింది.

అది వాళ్ళ భాష, వాళ్ళ తగాదాలు అని ఊరుకోవచ్చు. కానీ మన భాషలో మనం చేసింది చూడండి. దండకం అంటే దేవుణ్ణి ఒక్క ఊపులో స్తుతించే రచన. ఇవాళ దండకం చదివాడంటే తిట్టాడని. అష్టోత్తరం నూట ఎనిమిది నామాల పూజ. అష్టోత్తరం మొదలుపెట్టిందంటే ఇంట్లో ఎవరికో మూడిందని. అక్షింతలు పెళ్ళిలో తల మీద వేసేవి. ఆఫీసరు అక్షింతలు వేశాడంటే చీవాట్లు పెట్టాడని. పురాణం విప్పకు అంటాం. హరికథలు చెప్పకు అంటాం. సోది ఆపు అంటాం, ఎరుకలమ్మ ఎదుటి మనిషి చెయ్యి పట్టుకుని ఆ మనిషి దిగులు ఏమిటో కనిపెట్టి చెప్పే మాట అది. ఉపన్యాసాలు దంచకు అంటాం. కాలక్షేపం అన్న మాటనే తీసుకోండి. రైల్లో అమ్మేవాడు కాలక్షేపం బఠాణీలు అని అరుస్తాడు. నారాయణదాసు గారి గజ్జెల కింద మోగిన మాట బఠాణీల పొట్లం దాకా వచ్చింది. ఇవన్నీ నేను నవ్వులాటకు చెప్పడం లేదు. నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి బతికినవాణ్ణి. ఒక జాతి తన భాషలో, తీరిగ్గా కూర్చుని చెప్పే మాటకు ఉన్న పేర్లన్నిటినీ ఒకదాని తరవాత ఒకటి తిట్ల కిందా విసుగు కిందా మార్చుకుంటూ పోతే, అది నాకు ఒళ్ళు తెలియని జ్వరంలా అనిపిస్తుంది.

దానికి కారణం మాస్టారి అరుగు మీద నాకు తెలిసింది. ఆయన కథ చెప్పేటప్పుడు ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే ఆయనా ఆగిపోయేవారు. నిద్రపోయాడేమో అని కాదు. ఏం, నచ్చలేదా, చెప్పు అనేవారు. చెప్పేదాకా కథ కదిలేది కాదు. హరిదాసు గోవింద కొట్టించేదీ, మన జముకుల కథలో వంతపాటగాళ్ళు ప్రశ్న వేసేదీ, బుర్రకథలో హాస్యగాడు అడ్డం వచ్చేదీ ఈ ఊఁ కోసమే. మాటలో ఎదుటివాడికి చోటు ఉన్నంతకాలం అది కాలక్షేపం. ఆ చోటు తీసేసి, చెప్పేవాడి కోపం ఒక్కటే మిగిల్చితే అది డయాట్రైబ్. నికోపోలిస్‌లో అడ్డుమాటలకు జవాబు చెప్పిన ఎపిక్టెటస్ దగ్గర నుంచి, ఇవాళ టీవీ చర్చలో ఎవరి మైకు గట్టిగా ఉంటే వాళ్ళదే మాట అయ్యేదాకా, మధ్యలో పోయింది ఆ ఒక్క ఊఁ.

ఇప్పుడు ఒక రాయి దగ్గరికి రావాలి. నేను ఈ మాట ఎత్తుకున్నది అసలు దీని కోసమే.

1963లో అఫ్ఘనిస్తాన్‌లోని పాత కాందహారు శిథిలాల్లో ఒక సున్నపురాయి పలక దొరికింది. ఎత్తు 45 సెంటీమీటర్లు, పొడుగు 70 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఈ బల్ల మీద పడుతుంది. దాని మీద శుద్ధమైన గ్రీకు. చెక్కించినవాడు అశోకుడు. అలెగ్జాండర్ కాలం నుంచి అక్కడ స్థిరపడ్డ గ్రీకు ప్రజల కోసం తన శాసనాలను వాళ్ళ భాషలోకి, వాళ్ళ తత్వవేత్తల మాటల్లోకి మార్పించాడు. ఆ పలక మీద 12వ శాసనం చివరి భాగమూ, వెంటనే 13వ శాసనం మొదటి భాగమూ ఉన్నాయి. మిగతాది లేదు.

12వ శాసనం మతాల గురించి. మూలంలో అశోకుడు వాడిన మాట పాసండ. ఇప్పుడు మనకు పాషండుడంటే వేదాన్ని తిట్టేవాడు, ధర్మం తప్పినవాడు. అప్పట్లో అలా కాదు. బౌద్ధమైనా, జైనమైనా, ఆజీవకమైనా, బ్రాహ్మణ మార్గమైనా అన్నీ పాసండలే. ఒక దారి పట్టి నడిచే మనుషుల గుంపు, అంతే. దీన్ని గ్రీకులో పెట్టాల్సిన అనువాదకుడు, పేరు మనకు అందని ఆ మనిషి, ఏ మాట ఎంచుకున్నాడో తెలుసా? దియాత్రిబే. అన్ని పాసండల్లోనూ అన్నది అన్ని దియాత్రిబేల్లోనూ అయింది. మూలంలో వాక్కును కాపాడుకోవడం అని ఉన్నచోట, గ్రీకులో నాలుకను అదుపులో పెట్టుకున్నవాడే అందరిలోకీ ఎక్కువ నిగ్రహం ఉన్నవాడు అనే భావం పెట్టాడు. తనను తాను పొగుడుకోవద్దు, పక్కవాణ్ణి తెగడవద్దు, ఒకరి పాఠం ఒకరు నేర్చుకోండి అని ఆ శాసనం సాగుతుంది.

ఒక అనువాదంలో జోడీగా కలిసిన ఆ రెండు మాటలూ, రెండు దేశాల్లో, ఒకదానికి ఒకటి తెలియకుండా, ఒకే గతి పట్టాయి. దియాత్రిబే పోయి తిట్టు అయింది. పాసండ పోయి తిట్టు తినేవాడయ్యాడు. నాలుకను అదుపులో పెట్టుకోమని చెప్పిన శాసనంలోని మాటలే ఇవి.

ఆ వెంటనే, ఖాళీ కూడా పెద్దగా లేకుండా, 13వ శాసనం మొదలవుతుంది. అందులో మొదటి వాక్యంలోనే మన పేరు ఉంది. పియొదాస్సెస్, అంటే ప్రియదర్శి అశోకుడు, పాలనకు వచ్చిన ఎనిమిదో ఏట కళింగాన్ని జయించాడు. క్రీ.పూ. 261 ప్రాంతం. అక్కడి నుంచి పట్టి తరలించుకుపోయినవి పదిహేను మిరియడ్లు. చంపినవాళ్ళు పది మిరియడ్లు. మరో దాదాపు అంతమంది కూడా చనిపోయారు. మిరియడ్ అంటే పదివేలు. అంటే లక్షన్నర, లక్ష, దాదాపు మరో లక్ష. కళింగం అంటే ఎక్కడో కాదు. మన కళింగపట్నం, మన దంతవరపుకోట, మన ముఖలింగం. నాగావళికి ఆ పక్కా ఈ పక్కా ఉన్న నేల. మన రచయితలు తమ కథలను కళింగాంధ్ర కథలని చెప్పుకునేది ఈ నేల పేరుతోనే. 2022 ఏప్రిల్‌లో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకి మారింది. కళింగం లోంచి మాత్రం మారలేదు.

నేను గ్రీకు ముక్కలు కూడబలుక్కుంటూ ఆ వాక్యం చదివినప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయాను. తరలించుకుపోయినవి పదిహేను మిరియడ్లు అన్నాను కదా. ఏవి? గ్రీకులో మనుషులని లేదు. సోమా అని ఉంది. అంటే ఒళ్ళు, శరీరం. అప్పటి గ్రీకులో బందీలనూ బానిసలనూ లెక్కపెట్టేటప్పుడు వాడే మాట అది. పదిహేను పదివేల ఒళ్ళు. ఉప్పుచేపల వ్యాపారి కొడుకు బియాన్‌ను సంతలో నిలబెట్టినప్పుడు అతనూ ఒక ఒళ్ళే. ఆ బియాన్ తన పుట్టుక చెప్పుకున్న ఆంతిగొనస్ రాజును గుర్తుపెట్టుకోమన్నాను. 13వ శాసనం పూర్తి పాఠంలో అశోకుడు ఐదుగురు యవన రాజుల పేర్లు చెప్పాడు. అందులో ఆ ఆంతిగొనస్ ఒకడు. కాందహారు పలక ఆ పేర్ల దాకా రాకముందే ఆగింది. కానీ మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆ శాసనం ప్రాకృతంలో ఉంది.

ఎర్రగుడిలో ఉంది. కాందహారులో గ్రీకువాళ్ళకు ఉంది. కళింగంలో లేదు. బరంపురానికి దగ్గరలో ఋషికుల్య ఒడ్డున జౌగడలో, భువనేశ్వర్ పక్కన ధౌళిలో అశోకుడు తన శాసనాల వరస చెక్కిస్తూ 11, 12, 13 శాసనాలను వదిలేయించాడు. వాటి బదులు కళింగం కోసం వేరుగా రెండు రాయించాడు. మనుషులందరూ నా బిడ్డలే, అధికారులు ఎవరినీ అన్యాయంగా చెరపెట్టకూడదు, హింసించకూడదు అని వాటి సారం. చచ్చినవాళ్ళ లెక్క వాళ్ళ ఊళ్ళోనే చెక్కించడానికి ఆయనకు మనసు రాలేదేమో. అది నాకు అర్థమవుతుంది. కానీ దానితోపాటు 12వ శాసనం కూడా మనకు దక్కలేదు. నాలుకను అదుపులో పెట్టుకోమన్న మాట కాందహారు గ్రీకువాడికి దక్కింది, కళింగం రైతుకు దక్కలేదు.

అయినా ఆ ఆలోచన మన నేల మీదికి వేరే చేతి మీదుగా వచ్చింది. తరవాతి శతాబ్దాల్లో కళింగాన్ని ఏలిన ఖారవేలుడు జైనుడు. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి హాథిగుంఫ శాసనం చివర తన గురించి చెప్పుకుంటూ, నేను సర్వపాసండలనూ పూజించేవాణ్ణి, అన్ని దేవాలయాలనూ బాగుచేయించినవాణ్ణి అన్నాడు. జయించినవాడు కళింగంలో రాయించని 12వ శాసనపు భావాన్ని, ఓడిన కళింగం తన రాజు నోట తానే చెక్కించుకుంది. తెలుగులో తరవాత తిట్టయిన పాసండ అన్న మాట, ఇక్కడ ఒక రాజు గర్వంగా చెప్పుకున్న బిరుదు.

మాస్టారు మాకు కళింగ యుద్ధం చెప్పిన రాత్రి నాకు బాగా గుర్తుంది. 1980ల్లో ఒక వానాకాలం. కరెంటు పోయింది. చెంబు పక్కన లాంతరు పెట్టారు. లక్షన్నర, లక్ష అని అంకెలు చెప్పారు. అరిగిన చోట మిల్లు కార్మికుడొకాయన కూర్చుని ఉన్నాడు. నారధూళి జుట్టు నిండా అంటుకుని ఉంది. లాంతరు వెలుగులో అది తెల్లగా మెరుస్తోంది. ఊఁ కొడుతున్నవాడు ఆగాడు. మాస్టారూ ఆగారు.

"ఏం నాయనా?"

"సచ్చిపోయినోల్ల పేర్లేటైనా రాసినారా అండి ఆ బండ మీద?"

"లేవు. లెక్కే రాశారు."

"లెక్క రాసినోడికి పేర్లు రాయడానికేటయిందండి?"

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి కథ అక్కడితో ఆగిపోయింది. మర్నాడు ఆయన అక్కడి నుంచే ఎత్తుకుని, రాజులు ఎందుకు పేర్లు రాయరో మాలో ఒక్కొక్కరి చేతా చెప్పించారు. నేను విన్న కాలక్షేపాలన్నిటిలోకీ గొప్పది అది. అందులో ఆయన మాట్లాడింది చాలా తక్కువ.

నిన్న సాయంత్రం నేను ఊళ్ళోకి దిగి ముందు ఆ కార్మికుణ్ణే చూడ్డానికి వెళ్ళాను. ఎనభైకి దగ్గరపడ్డాడు. మిల్లు పని మానేసి చాలా కాలమైంది. నులక మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు.

"రేపేటి సెప్తావు బావూ?"

"ఆ కళింగం రాయి గురించి చిన్నాన్నా. నువ్వు అడిగావే, అది."

"పేర్లు దొరికినాయా?"

"దొరకలేదు. గ్రీకు రాతలో మనుషులని కూడా రాయలేదు. ఒళ్ళు అని రాశారు. పదిహేను పదివేల ఒళ్ళు."

ఆయన తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"మా మిల్లులో నాది రెండొందల పదిహేడు. ఇత్తడి బిల్ల మీద కొట్టి ఇచ్చినారు. గేటుకాడ అది సూపిత్తేనే లోనకి. మాస్టారు ఒక్కరే, అరుగు మీద కూకోగానే పేరెట్టి పిలిసేవోరు."

ఇంకేదో చెప్పబోయి నా వైపు చూస్తూ ఆగాడు.

ఊఁ, అన్నాను.